నీళ్లు పంచే బోర్డులో నీళ్లు కట్టే రైతేడి?

సికింద్రాబాద్: కృష్ణా నదీ యాజమాన్య బోర్డు అనే సంస్థ ఒకటున్నదనీ, అది రెండు తెలుగు రాష్ట్రాలకు నీళ్లు పంచుతున్నదనీ పత్రికలు చదివేవారికి తెలుసు. సాగర్ ఎడమ కాల్వ కింద వరి నాటే మిర్యాలగూడ రైతుకు గానీ, కుడి కాల్వ కింద మిరప వేసే వినుకొండ రైతుకు గానీ ఆ బోర్డు ముఖం తెలియదు. వారికి తెలిసిందల్లా ఒకటే. కాల్వ ఎప్పుడొస్తుందని లష్కరునడిగితే ఇంజనీరును అడగమంటాడు. ఇంజనీరునడిగితే పైనుంచి ఆర్డరు రావాలంటాడు. ఆ "పై" ఎక్కడున్నది? అక్కడ కూర్చున్నదెవరు? ఏ లెక్కన పంచుతున్నారు? ఈ సంగతులు రైతులు తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఇదేదో పల్లెటూళ్ల గొడవ, మనకెందుకని జంటనగరాల పాఠకులు పేజీ తిప్పేయనక్కరలేదు. సికింద్రాబాదులో ఒక బస్తీ కుళాయిలో మంజీర వస్తుంది, ఒక బస్తీలో గోదావరి వస్తుంది, మరో బస్తీలో కృష్ణ వస్తుంది. సాగర్ వెనుక నీటిని ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం మీదుగా వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిపించి, 2004 నుంచి 2015 వరకు మూడు దశల్లో నగరానికి తెచ్చారు. ఒక్కొక్క దశకు 5.5 టి.ఎం.సి.ల చొప్పున ఏడాదికి 16.5 టి.ఎం.సి.లు. అంటే బోర్డు పద్దులో రైతు పక్కనే నగరవాసి పేరూ ఉన్నది.

పట్నం తాగే నీటిలో ఐదోవంతు మాత్రమే ఖర్చు కింద రాయాలని బచావత్ ట్రిబ్యునల్ చెప్పింది. మిగతాది తిరిగి నదికి చేరుతుందని దాని లెక్క. నిజమే, చేరుతున్నది. అయితే ఎట్లా చేరుతున్నది? సికింద్రాబాద్ నాలాల మురుగు హుస్సేన్‌సాగర్ మీదుగా మూసీలో కలిసి, నల్లగొండ జిల్లా పొలాలు తడిపి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే పడుతుంది. తిరిగొచ్చే ఆ నీటి రంగు, వాసన ఎట్లా ఉంటాయో మూసీ ఒడ్డున వరీ, గడ్డీ పెంచే రైతును అడిగితే చెబుతాడు. బోర్డు కాగితాల మీద నీటికి పరిమాణమున్నది గానీ మంచీ చెడూ లేవు.

చట్టంలో ఏమున్నది?

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. విభజన చట్టం 85వ సెక్షను కింద కృష్ణకొక బోర్డు, గోదావరికొక బోర్డు పెట్టారు. వాటి పైన అపెక్స్ కౌన్సిల్. అందులో కేంద్ర జలవనరుల మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు ఉంటారు. బోర్డులో ఎవరుంటారు? కేంద్రం నియమించే అధ్యక్షుడు, కేంద్ర జలసంఘం నుంచి వచ్చే సభ్య కార్యదర్శి, కేంద్రం పంపే నిపుణుడొకరు, రాష్ట్రానికిద్దరు చొప్పున అధికారులు. ఆ ఇద్దరిలో ఒకరు ఇంజనీరు, ఒకరు పాలనాధికారి. అంతే. లక్షల ఎకరాల ఆయకట్టు గురించి నిర్ణయించే చోట ఆయకట్టుదారు ఒక్కడూ లేడు. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ చట్టంలోనే పదకొండవ షెడ్యూలు ఒకటున్నది. సేద్యానికీ కరెంటుకూ నీళ్ల దగ్గర పోటీ వస్తే సేద్యం ముందు. సేద్యానికీ తాగునీటికీ పోటీ వస్తే తాగునీరు ముందు. బోర్డు నిర్ణయాన్ని అమలు చేయని రాష్ట్రం జరిమానాకు గురవుతుంది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు రాయగలరు? కాగితం మీద కొరత ఏమీ లేదు.

మరి ఆచరణలో జరిగిందేమిటి? అపెక్స్ కౌన్సిల్ 2016 సెప్టెంబరులో ఒకసారి, 2020 అక్టోబరులో మరొకసారి సమావేశమయింది. మొదటి ఆరేళ్లలో రెండే రెండు సమావేశాలు! బోర్డు అధికార పరిధిని కేంద్రం గెజిట్‌లో ప్రకటించడానికి ఏడేళ్లు పట్టింది. 2021 జూలై 15న ఆ గెజిట్ వచ్చింది, అక్టోబరు 14 నుంచి అమల్లోకి వస్తుందన్నారు. రాష్ట్రాలు ప్రాజెక్టులు అప్పగించాలన్నారు, ఒక్కో బోర్డుకు రెండేసి వందల కోట్లు జమ కట్టాలన్నారు. గడువు వచ్చింది, పోయింది. గేట్లు ఎవరి చేతుల్లో ఉన్నవి వారి చేతుల్లోనే ఉన్నవి. కేంద్రం గెజిట్ అచ్చువేసి చేతులు దులుపుకున్నది.

తాత్కాలికమే శాశ్వతమా?

1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పింది. తిరుగు నీటితో కలిపి ఉమ్మడి రాష్ట్రం వాటా 811 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే శతకోటి ఘనపుటడుగులు. ఇంజనీర్ల మోటు లెక్కలో ఆరువేల ఎకరాల వరికో, పదివేల ఎకరాల ఆరుతడికో సరిపోయే నీరు. రాష్ట్రం విడిపోయాక 2015 జూన్‌లో ఆ 811లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా ఒప్పుకున్నారు. తర్వాత వచ్చిన నీటిని 66, 34 పాళ్ల చొప్పున పంచుతూ పోయారు.

పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం మాదేనని తెలంగాణ అంటుంది. ముందునుంచీ పారుతున్న ఆయకట్టు మాదని ఆంధ్రప్రదేశ్ అంటుంది. రెండు వాదాల్లోనూ బలమున్నది. తేల్చవలసింది ట్రిబ్యునల్. 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఒక నిర్ణయం, 2013లో తుది నివేదిక ఇచ్చింది. సుప్రీంకోర్టు ఉత్తర్వుల వల్ల అది గెజిట్‌కెక్కలేదు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య వాటాలు తేల్చమని ఆ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు అప్పగించడానికి కేంద్ర మంత్రివర్గానికి 2023 అక్టోబరు దాకా తీరిక చిక్కలేదు. ఈ తొమ్మిదేళ్ల ఆలస్యానికి వడ్డీ కట్టిందెవరు? నారు పోసి ఆకాశం వంక చూసిన రైతే.

గేట్ల మీద పోలీసులు

వాటా తేలకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాము. 2015 ఫిబ్రవరిలో సాగర్ డ్యాము మీద రెండు రాష్ట్రాల పోలీసులు కలబడ్డారు. 2023 నవంబరు చివర, సరిగ్గా తెలంగాణ ఎన్నికల పోలింగు వేళ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు 26 గేట్లలో 13వ గేటు దాకా తమ అధీనంలోకి తీసుకుని కంచె వేశారు, కుడి కాల్వకు నీళ్లు వదిలారు. కేంద్ర బలగాలు దిగాయి. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసినప్పుడు, 1967లో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలినప్పుడు ఇదంతా ఒకనాడు తుపాకుల కాపలాలో పడుతుందని ఎవరైనా అనుకున్నారా?

అటు శ్రీశైలంలో మరొక పోటీ. 2021 జూన్, జూలై నెలల్లో జలాశయం నిండకముందే ఎడమ గట్టున తెలంగాణ కరెంటు తీసింది. ఆ నీళ్లు సాగర్‌కు, పులిచింతలకు దిగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిపే చోటులేక కొంత సముద్రం పాలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. శ్రీశైలం మొదటినుంచీ కరెంటు ప్రాజెక్టే గదా అని తెలంగాణ జవాబు. ఇటు ఆంధ్రప్రదేశ్ ఏమైనా తక్కువ తిన్నదా? పోతిరెడ్డిపాడు తూముల సామర్థ్యం 11,150 క్యూసెక్కుల నుంచి 44,000 క్యూసెక్కులకు ఉమ్మడి రాష్ట్రంలోనే పెరిగింది. 2020లో దాన్ని 80,000కు పెంచాలనీ, 800 అడుగుల మట్టం నుంచే రాయలసీమకు తోడాలనీ జీవో ఇచ్చారు. తెలంగాణ వైపు కల్వకుర్తి, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలు అదే జలాశయం మీద ఆధారపడినవి. పాలమూరుకూ, రాయలసీమకూ నీళ్లు రావాలి, అందులో రెండు మాటలు లేవు. అయితే ఒకే కుండలో ఇద్దరు పోటీపడి గరిటె ముంచితే కుండ అడుగు తేలుతుంది తప్ప ఇద్దరి కడుపూ నిండదు. ఆ గరిటె పట్టుకోవలసిన బోర్డు ఏం చేసింది? ఉత్తరాలు రాసింది. జవాబులు అందుకున్నది. మళ్లీ ఉత్తరాలు రాసింది.

దీనికి తోడు కుండే చిన్నదవుతున్నది. సాగర్ కట్టిననాడు 408 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక వల్ల 312కు దిగింది. శ్రీశైలం 308 నుంచి సుమారు 215కు పడిపోయింది. రెండింట్లో కలిపి 190 టి.ఎం.సి.ల దాకా చోటు మట్టి పాలయింది. తెలంగాణకు తాత్కాలికంగా ఇచ్చిన 299లో ఇది మూడింట రెండు వంతుల దగ్గర. పక్కవాడు ఎంత తీసుకున్నాడని గుండెలు బాదుకునే నాయకులు ఈ మట్టి సంగతి ఎత్తరు. మట్టికి ఓటు లేదు, దాని మీద ప్రాంతీయ ఉద్రేకం రగిలించడం కుదరదు.

బోర్డులే పనికిరావా?

అట్లా అనడం లేదు. పక్కనే తుంగభద్ర బోర్డున్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పుట్టింది. డ్యాము దాని చేతిలో ఉన్నది, గేటు ఎత్తే మనిషి దాని మాట వింటాడు. ఏటా నీటి సంవత్సరం మొదట్లో రాబోయే నీటిని అంచనా వేసి, వాటాల దామాషాన పంచి, వానల్ని బట్టి ఆ అంచనాను సవరిస్తారు. తగ్గితే అందరికీ తగ్గుతుంది. అది కూడా కల్పవృక్షమేమీ కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి ఆ డ్యాము 19వ గేటు కొట్టుకుపోయింది. అయినా ఒక్కటి గమనించాలి. గేటు పోయిన రోజున బాధ్యత ఎవరిదని వెతుక్కోనవసరం లేకపోయింది.

అదే తుంగభద్ర మీద రాజోలిబండ కథ వేరు. బచావత్ దానికి 15.9 టి.ఎం.సి.లు ఇచ్చింది. పాలమూరు వైపు 87,500 ఎకరాల ఆయకట్టు. ఆనకట్ట కర్ణాటకలో, కాల్వ మొదటి భాగం కర్ణాటకలో, పొలాలు ఇక్కడ. కాగితం మీది నీళ్లు అలంపురం పొలాలకు పూర్తిగా చేరక దశాబ్దాలు గడిచాయి. వాటా ఉండటం వేరు, నీళ్లు అందడం వేరు అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

ప్రాజెక్టులు బోర్డుకు అప్పగించబోమని 2024 ఫిబ్రవరి 12న తెలంగాణ శాసనసభ తీర్మానించింది. మన గేట్లు ఢిల్లీ గుప్పిట్లో పెట్టడమేమిటన్న భయం ఊరికే పుట్టినది కాదు. ఏడేళ్లు గెజిట్ ఇవ్వని కేంద్రం, తొమ్మిదేళ్లు విచారణాంశాలు తేల్చని కేంద్రం రేపు గేట్లు చేతికొస్తే రైతు పక్షాన నిలబడుతుందని నమ్మడమెట్లా? అయితే గేట్లు రాష్ట్రాల చేతిలో ఉన్న ఇన్నేళ్లూ చివరి భూములు తడిశాయా అంటే అదీ లేదు. కనుక తాళాలు హైదరాబాదులో ఉండాలా, అమరావతిలో ఉండాలా, ఢిల్లీలో ఉండాలా అన్నది అసలు ప్రశ్న కాదు. లెక్క ఎవరికి చెబుతున్నారన్నది అసలు ప్రశ్న.

సాగర్ ఎడమ కాల్వనే చూడండి. మొదటి జోన్ నల్లగొండ. రెండో జోన్ ఎక్కువగా ఖమ్మం. మూడో జోన్ ఆంధ్రప్రదేశ్‌లోని పాత కృష్ణా జిల్లా మెట్ట. మధిర దాటని నీళ్లు తిరువూరుకు ఎట్లా చేరతాయి? ఈ ఇద్దరు రైతులకూ మధ్య సరిహద్దు గీసినవారు కాల్వను రెండు ముక్కలు చేయలేకపోయారు. ఎగువ మేజర్ల కింద మోటార్లు పెట్టి లాగే పెద్ద ఆసామి ఇద్దరికీ ఒకటే. ఆలస్యంగా వచ్చే ఆర్డరూ ఇద్దరికీ ఒకటే. అందులోనూ ముందు మునిగేది కౌలుదారు. పాసుపుస్తకం ఆసామి పేర, అప్పు తన పేర. పంట ఎండినా కౌలు ముట్టజెప్పవలసిందే.

నీరటికాడి నీతి

మన చెరువుల కింద నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు, కరువొస్తే ఎన్ని మళ్లు వదిలేయాలి అన్నది అతను చూసేవాడు. గింజల్లో మేర తీసుకునేవాడు. పెత్తందార్ల ఒత్తిడి అప్పుడూ ఉన్నది, దాన్ని పొగిడి పూజించనవసరం లేదు. కాని తూము ఎత్తేది అందరి కళ్లముందే. స్పెయిన్ దేశంలో వెలెన్సియా అనే పట్టణమున్నది. అక్కడ ఎనిమిది కాల్వల రైతులు ఎన్నుకున్న రైతులే వందల ఏళ్లుగా నీటి తగాదాలు తీరుస్తున్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి గుమ్మం ముందు, జనం మధ్యలో కూర్చుని, నోటిమాటగా వాదాలు విని అక్కడికక్కడే తీర్పు చెబుతారు. 2009లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. కృష్ణ అంత చిన్నది కాదు, రచ్చబండ మీద 811 టి.ఎం.సి.లు పంచలేమని మాకూ తెలుసు. కాని ఆ పద్ధతిలోని ప్రాణం రెండు సంగతులు: కొలత అందరికీ కనపడాలి, పంచేవాళ్లలో పారించుకునేవాడు ఉండాలి. మన బోర్డులో ఈ రెండూ లేవు.

కొలత సంగతి మరీ విడ్డూరం. ఎవరెంత తీసుకున్నారో తెలియకుండా పంపకమేమిటి? కాల్వల తలల దగ్గర నీటిని తమంతట తాము కొలిచి పంపే టెలిమెట్రీ యంత్రాలు పెట్టాలని మొదటి ఏళ్లలోనే అనుకున్నారు. కొన్నిచోట్ల పెట్టారు. అన్నిచోట్లా పెట్టడానికి 2025 జూలైలో ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని ఒప్పుకోవలసి వచ్చింది. పదకొండేళ్లు తక్కెడ లేకుండానే తూకం వేశారన్నమాట! తక్కెడ లేని అంగట్లో లాభపడేది ఎవరో, నష్టపోయేది ఎవరో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

మేము అడిగేవి నాలుగే. ఒకటి, జూన్ ఒకటిన నీటి సంవత్సరం మొదలవుతుంది గనుక, ఆరుద్ర కార్తె దాటకముందే ఆ ఏటి అంచనా ప్రకటించాలి; ఏ మట్టానికి నీరు చేరితే ఏ కాల్వకు ఏ తేదీన వదులుతారో రాతపూర్వకంగా చెప్పాలి. లేదనుకుంటే లేదని చెప్పాలి. రైతు ఆరుతడి వేసుకుంటాడు, విత్తనం ఖర్చన్నా మిగులుతుంది. రెండు, ప్రతి తూము దగ్గరి కొలత రోజూ పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. మూడు, 1997 చట్టం ప్రకారం నీటి సంఘాలు, డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు ఉండాలి. తెలంగాణలో వాటి ఎన్నికలను ఏళ్ల తరబడి అటకెక్కించారు. వాటిని జరిపి, కౌలు రైతులకు కూడా చోటిచ్చి, రెండు రాష్ట్రాల చివరి ఆయకట్టు ప్రతినిధులను బోర్డులో కూర్చోబెట్టాలి. నాలుగు, నీరు తక్కువైన ఏడు కోత కాల్వ మొదటినుంచి చివరిదాకా సమానంగా పడాలి. తలకట్టు రైతుకు రెండు పంటలు, చివరి రైతుకు సున్న అనే న్యాయం పోవాలి.

ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. చట్టం మార్చవలసింది ఒక్క మూడోదానికే. మిగిలినవాటికి కావలసింది మనసు మాత్రమే. ఆ మనసు పాలకులకు దానంతట అది రాదు. వాడపల్లి అవతలి రైతునూ ఇవతలి రైతునూ ఒకరిమీదొకరిని ఉసిగొల్పితే ఎన్నికల్లో నాలుగు ఓట్లు రాలుతాయి, లెక్క చెప్పే బాధ తప్పుతుంది. ఆ వలలో పడకుండా ఉండటమే మొదటి పని. ఈ వేసవిలో ప్రతి మేజరు కింద రైతులు కూడి తీర్మానం చేయాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద బోర్డుకూ, తమ డివిజను కార్యాలయానికీ ఒక్క ప్రశ్న పంపాలి: మా కాల్వకు పోయినేడు ఎన్ని టి.ఎం.సి.లు రాశారు, ఎన్ని వదిలారు? మధిర, తిరువూరు రైతులు ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి పంపితే మరీ మంచిది.